పందిరి, బయానా, పద్యం: పద్యనాటక ప్రదర్శనపై పట్టణ వర్తకపు ముద్ర

ఉపోద్ఘాతం

తెలుగు నాటకరంగ చరిత్రలో పోషకుడు అనగానే సంస్థానాధీశుడో జమీందారో స్ఫురించడం పరిపాటి. విజయనగరంలో ఆనందగజపతి, మైలవరంలో సూరానేని వేంకట పాపయ్యారావు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణలు. అయితే ఇటువంటి పోషణ లభించిన సమాజాలు కొద్ది. తక్కినవి ఏ ధనంతో నడిచాయన్న ప్రశ్నకు ‘టిక్కెట్ల రాబడితో’ అనే సమాధానం సగమే సరిపోతుంది. మొదటి టిక్కెట్టు అమ్ముడుపోవడానికి ముందే పందిరి, దీపాలు, తెరలు, దుస్తులు, రైలు ఛార్జీలు, కరపత్రాల ముద్రణ అన్నింటికీ ఎవరో ఒకరు పెట్టుబడి పెట్టాలి. ఆ భారాన్ని నగదుగానో అరువుగానో పంచుకున్నవారిలో పట్టణ వ్యాపారులు ముఖ్యులు.

ఈ సంబంధాన్ని కేవలం ఆర్థిక విషయంగా పరిగణించి పక్కన పెట్టడం వల్ల సాహిత్య విమర్శ కొంత నష్టపోయింది. రాగాలాపన మితిమీరడం, ఒకే పాత్రను పలువురు నటులు పంచుకోవడం, మూలంలో లేని హాస్యం చేరడం వంటి పద్యనాటక లక్షణాలను నటుల స్వాతిశయానికో ప్రేక్షకుల అభిరుచికో ఆపాదించడం అలవాటైంది. ప్రదర్శనను నడిపించిన వ్యాపార పద్ధతిలో కూడా ఈ లక్షణాలకు మూలం ఉందని నిరూపించడం ఈ వ్యాస లక్ష్యం.

సంచార సమాజాలు – పాక అనే మూలధనం

1880లో ధార్వాడ నాటక సమాజం ఆంధ్రదేశంలో పర్యటించింది. ఆ సమాజం రాజమహేంద్రవరం విడిచి వెళ్ళిన తరువాత, వారు వేసిన పాకలోనే కందుకూరి వీరేశలింగం తన విద్యార్థులచేత నాటకం ఆడించారు. ఆధునిక తెలుగు నాటక ప్రదర్శనకు ప్రారంభ ఘట్టంగా చరిత్రకారులు ఈ సంఘటనను పేర్కొంటారు. ఇందులో గమనించవలసిన అంశం మరొకటి ఉంది. సంస్కరణాశయంతో మొదలైన ప్రదర్శనకు నీడనిచ్చింది టిక్కెట్టు రాబడి కోసం ఒక వృత్తి సమాజం నిర్మించుకున్న పాక. నాటకశాల లేని పట్టణంలో పాకయే మూలధనం. వెదురు, తాటాకు, తడికెలు, బల్లలు, దీపాలు ఆ ఊరి అంగళ్ళ నుంచి రావలసిందే.

ఈ ఆధారం సురభి సమాజాల విషయంలో మరింత స్పష్టంగా కనిపిస్తుంది. 1885లో కడప ప్రాంతంలోని సురభి గ్రామంలో వనారస కుటుంబం ప్రదర్శించిన ‘కీచకవధ’తో ఆరంభమైన ఈ పరంపర కుటుంబ సమాజాలుగా శాఖోపశాఖలై విస్తరించింది. సురభివారు తెరలు, యంత్రాలు, రేకుల షెడ్డు సామగ్రితో సహా తరలివెళ్ళి, ఒక్కొక్క ఊళ్ళో వారాలు, నెలల తరబడి మకాం వేసేవారు. నటులు, వాద్యకారులు, పిల్లలు, వృద్ధులు కలిసి ఉండే అంతటి కుటుంబానికి నిత్యం బియ్యం, పప్పు, నూనె, కిరసనాయిలు కావాలి. రాబడి మాత్రం నిత్యం ఒకే విధంగా ఉండదు. వాన కురిసిన రాత్రి నాటకం లేదు, నాటకం లేని రాత్రి రాబడి లేదు. ఆ లోటును పూడ్చగలిగేది కిరాణా కొట్టులోని ఖాతా. సమాజానికి అరువిచ్చిన వర్తకుడికి ఆ సమాజపు రాబడిపై సహజంగానే ఆసక్తి ఏర్పడుతుంది. నాటకం ఆగితే బాకీ నిలిచిపోతుంది కనుక, ప్రదర్శన సాగడం అతని అవసరం కూడా అవుతుంది. ఊరి బడికో గ్రంథాలయానికో ఒక రాత్రి రాబడిని ఇచ్చే సహాయార్థ ప్రదర్శనలు ఈ పరస్పర సంబంధాన్ని బలపరచాయి. టిక్కెట్లు అమ్మిపెట్టిన పెద్దలకు గౌరవం, సమాజానికి ఆదరణ దక్కేవి.

డెల్టా పట్టణాలు – రైలు మార్గం

పద్యనాటకం అత్యధికంగా వర్ధిల్లిన ప్రాంతం కృష్ణా, గోదావరి డెల్టాలు కావడం యాదృచ్ఛికం కాదు. 1852లో ధవళేశ్వరం, 1855లో బెజవాడ ఆనకట్టలు పూర్తయిన తరువాత వరి మిగులు పెరిగింది. ధాన్యం వర్తకం, మిల్లులు, వడ్డీ వ్యాపారం ఆధారంగా బెజవాడ, తెనాలి, ఏలూరు, రాజమహేంద్రవరం, కాకినాడ వంటి పట్టణాలు ఎదిగాయి. 1893లో కృష్ణపై, 1900లో గోదావరిపై రైలు వంతెనలు అందుబాటులోకి రావడంతో ఈ పట్టణాలు ఒకే దారిపైకి వచ్చాయి. నిన్న రాజమహేంద్రవరంలో వేషం కట్టిన నటుడు నేడు తెనాలిలో రంగస్థలం ఎక్కడం సాధ్యమైంది. కోతలై ధాన్యం అమ్ముడుపోయి చేతిలో డబ్బు ఆడే కాలమే నాటకాల కాలం కూడా అయింది. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు తెనాలిలో ఆవిర్భవించడాన్ని కూడా ఈ నేపథ్యంలో చూడాలి.

కాంట్రాక్టు నాటకం – పాత్ర విభజన

ఈ పరిస్థితులలో రూపుదిద్దుకున్న విశిష్ట పద్ధతి కాంట్రాక్టు నాటకం. ఇందులో సమాజం స్థానాన్ని కాంట్రాక్టరు ఆక్రమించాడు. అతడు వేర్వేరు ఊళ్ళ నుంచి పేరున్న నటులకు బయానా ఇచ్చి ఒక రాత్రికి కుదుర్చుకుంటాడు. హాలునో ఆవరణనో అద్దెకు తీసుకుంటాడు. దుస్తులు, కిరీటాలు, తెరలు అద్దెకిచ్చే డ్రెస్ కంపెనీతో, హార్మోనిస్టుతో విడివిడిగా మాట్లాడుకుంటాడు. గోడపత్రికలు వేయించి, బండిపై డప్పు కొట్టించి ప్రచారం చేయిస్తాడు. నేల, బెంచీ, కుర్చీ తరగతుల టిక్కెట్ల రాబడిలో ఖర్చులు పోగా మిగిలింది అతని లాభం, తగ్గింది అతని నష్టం.

ఈ పద్ధతిలో నటులు కలుసుకునేది ప్రదర్శన రోజునే కాబట్టి పూర్వాభ్యాసానికి అవకాశం లేదు. అందరికీ కంఠస్థమైన నాటకాలే ఆడాలి. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగ విజయాలు, బలిజేపల్లి లక్ష్మీకాంతం ‘సత్య హరిశ్చంద్రీయము’, కాళ్ళకూరి నారాయణరావు ‘చింతామణి’ వంటి కొద్ది నాటకాలు దశాబ్దాల పాటు రంగస్థలాన్ని ఏలడానికి వాటి సాహిత్య బలంతో పాటు ఇదీ ఒక కారణం. కొత్త నాటకం అంటే కొత్త అభ్యాసం, అభ్యాసం అంటే ఖర్చు. ఆ ఖర్చు ఒక్క రాత్రి రాబడితో తీరదు.

పాత్ర విభజన ఈ లెక్కకు మరింత స్పష్టమైన ఫలితం. పడక సీనుకు ఒక కృష్ణుడు, రాయబారానికి మరొక కృష్ణుడు, యుద్ధరంగానికి వేరొక కృష్ణుడు ఉండడం కాంట్రాక్టు నాటకాలలో ఆనవాయితీ అయింది. అలంకారశాస్త్ర దృష్టితో చూస్తే ఇది రసభంగం. కాంట్రాక్టరు దృష్టిలో ముగ్గురు నటులంటే ముగ్గురి అభిమానుల టిక్కెట్లు. ఒక్కొక్క నటుడికి దక్కేది ఒకటి రెండు రంగాలే కనుక, తన పేరు నిలబెట్టుకోవడానికి అతడు ఆ కొద్ది పద్యాలలోనే సర్వశక్తినీ చూపాలి. రాగాలాపన దీర్ఘమైంది, ‘వన్స్ మోర్’లు పెరిగాయి. నాటకం కథాగతిని కోల్పోయి పద్యాల వరుసగా మారడానికి నటుని స్వాతిశయంతో పాటు అతనికి కేటాయించిన పరిమితమైన వ్యవధి కూడా కారణమైంది.

పుస్తకం, గ్రామఫోను రికార్డు

ప్రదర్శన నుంచి విడివడిన పద్యానికి మరో రెండు వ్యాపారాలు తోడయ్యాయి. మొదటిది పుస్తక ప్రచురణ. రాజమహేంద్రవరంలోని కొండపల్లి వీరవెంకయ్య అండ్ సన్స్ వంటి సంస్థలు నాటకాలను సామాన్యులకు అందుబాటులోకి తెచ్చాయి. చిలకమర్తి లక్ష్మీనరసింహం ‘గయోపాఖ్యానం’ లక్ష ప్రతులు అమ్ముడుపోయిందన్నది సాహిత్య లోకంలో ప్రసిద్ధి. పల్లెల్లోని ఔత్సాహికులు కూడా పుస్తకం కొని వేషం కట్టగలిగారు. ముఖపత్రంపై ‘సర్వస్వామ్య సంకలితము’ అని ముద్రించినా, ప్రదర్శన సంఖ్యను బట్టి కవికి ప్రతిఫలం చేరే కట్టుదిట్టమైన ఏర్పాటు మాత్రం రూపొందలేదు. ప్రదర్శన లాభంలో కవికి వాటా లేనప్పుడు, ప్రదర్శనలో తన పాఠం ఏమవుతుందో నియంత్రించే శక్తి కూడా అతనికి ఉండదు.

రెండవది గ్రామఫోను. కపిలవాయి రామనాథశాస్త్రి, స్థానం నరసింహారావు వంటి నటుల గానం రికార్డులకెక్కింది. ఆనాటి రికార్డులో ఒక వైపు సుమారు మూడు నిమిషాలే పడుతుంది. పాటో, ఆలాపనతో కూడిన ఒకటి రెండు పద్యాలో ఆ కొలతకు చక్కగా ఒదుగుతాయి, సంభాషణ ఒదగదు. రికార్డులో విన్న పద్యాన్ని అదే రీతిలో రంగస్థలంపై వినాలని ప్రేక్షకుడు కోరుకున్నాడు. పద్యం నాటకంలో భాగంగా ఉండే స్థితి నుంచి, నాటకమే పద్యానికి సందర్భంగా మారే స్థితి ఏర్పడింది.

రంగస్థలంపై వర్తకుడు

పై పరిణామాలన్నీ కలిసి ఒక పాత్రను ఎలా మార్చాయో చెప్పడానికి ‘చింతామణి’లోని సుబ్బిశెట్టి తగిన ఉదాహరణ. వేశ్యాలోలత్వాన్ని ఖండించే సంస్కరణ నాటకం ఇది. మూలంలో బిల్వమంగళుడు, భవానీశంకరం, సుబ్బిశెట్టి ముగ్గురూ ఒకే వ్యసనానికి లోబడి నష్టపోతారు. నాటకకర్త హెచ్చరిక ఏ ఒక్క కులానికీ పరిమితం కాదు. కాంట్రాక్టు నాటకంలో మాత్రం ఈ సమతౌల్యం నిలవలేదు. హాస్యం టిక్కెట్లు తెచ్చే సరుకు కావడంతో సుబ్బిశెట్టి రంగాలు పెరిగాయి. ఆశుసంభాషణలు, అసభ్యోక్తులు చేరాయి. ఎవరూ వ్రాయని ఆ మాటలు నటుని నుంచి నటునికి మౌఖికంగా సంక్రమించి నాటకంలో భాగమయ్యాయి.

ఆర్యవైశ్యుల మనోభావాలు దెబ్బతింటున్నాయన్న అభ్యంతరంపై ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2022 జనవరిలో ఈ నాటక ప్రదర్శనను నిషేధించింది. ఒక సమాజం తన పేరుతో సాగిన ఎగతాళికి నొచ్చుకోవడాన్ని తేలికగా తీసివేయలేము. అదే సమయంలో, ఆ ఎగతాళిలో ఎంత భాగం కాళ్ళకూరి పాఠానిది, ఎంత భాగం దశాబ్దాల ప్రదర్శన వ్యాపారానిది అనే విచక్షణ చర్చలో కొరవడింది. ముద్రిత పాఠాన్ని మాత్రమే సమర్థించినవారూ, ప్రదర్శనను మాత్రమే చూసి నిరసించినవారూ రెండు వేర్వేరు ‘చింతామణి’ల గురించి మాట్లాడారు. వర్తక పట్టణాల ధనంతో పెరిగిన ప్రదర్శన పద్ధతి వర్తకుని పాత్రనే వికృతం చేయడం ఇందులోని వైపరీత్యం.

ఉపసంహారం

సంచార సమాజాల కాలంలో వర్తకుడు అరువిచ్చి ఆసరాగా నిలిచాడు. కాంట్రాక్టు కాలంలో పెట్టుబడిదారుడు ప్రదర్శన నిర్మాతగా మారి నాటక ఎంపికను, పాత్రల పంపకాన్ని, రంగాల నిడివిని ప్రభావితం చేశాడు. పరిషత్తుల కాలంలో దాత బహుమతికి తన పెద్దల పేరు పెట్టుకుని, ప్రదర్శన స్వరూపాన్ని న్యాయనిర్ణేతలకూ నియమావళికీ విడిచిపెట్టాడు. వర్తక సహకారం మూడు దశల్లోనూ ఉంది. సహకరించినవారికి ప్రదర్శనపై ఎంత అధికారం దక్కిందన్న దానిలోనే తేడా ఉంది.

కాబట్టి పద్యనాటకాన్ని అధ్యయనం చేసేవారికి ముద్రిత ప్రతి ఒక్కటే చాలదు. కరపత్రాలు, గ్రామఫోను రికార్డులు, కాంట్రాక్టరు ఒప్పందాలు, డ్రెస్ కంపెనీల లెక్కల పుస్తకాలు కూడా సాహిత్య చరిత్రకు ఆధారాలే. ఇవి ఇంకా చాలావరకు కుటుంబాల చేతుల్లో, పాత పెట్టెల్లో ఉన్నాయి. వాటిని సేకరించి భద్రపరచడం తెలుగు శాఖల బాధ్యత. ఆ ఆధారాలు నశిస్తే, కవి వ్రాసినదేదో వ్యాపారం చేర్చినదేదో వేరుచేసి చెప్పే అవకాశం కూడా నశిస్తుంది.