డ్రమ్ము మీద బాంబు గుర్తు లేదంటే అది పేలదనేనా?

జుబైల్‌లోనో, యాన్బూలోనో, దమ్మామ్ గోడౌన్లలోనో పనిచేసే మనవాళ్ల చేతుల మీదుగా రోజూ ఎన్నో డ్రమ్ములు, బస్తాలు వెళ్తుంటాయి. లోపల ఏముందని అడిగితే చాలామంది చెప్పే జవాబు ఒకటే: "ఏదో కెమికల్ అన్నా." ఆ "ఏదో" పేలే రకమా కాదా అన్నది మీరు ఎంతవరకు తెలుసుకోవచ్చు?

ముందుగా ఒక మాట. చిటికెడు తీసి మంటలో వేసి చూద్దాం, సుత్తితో కొట్టి చూద్దాం అనే పని ఎప్పుడూ చేయొద్దు. ఆ పరీక్షలు ల్యాబులో జరుగుతాయి. బరువు పడేసి, రాపిడి పెట్టి, ఉక్కు గొట్టంలో బిగించి వేడిచేసి, ఐక్యరాజ్య సమితి పద్ధతి ప్రకారం అతి కొద్ది పదార్థంతో చేస్తారు. మన పని ఆ ఫలితాన్ని కాగితం మీద చదువుకోవడమే.

డ్రమ్ము మీద ఎర్ర అంచు డైమండ్ గుర్తులు ఉంటాయి. బద్దలవుతున్న బాంబు బొమ్మ ఉంటే పేలుడు పదార్థమని చిన్నపిల్లాడికైనా అర్థమవుతుంది. అరబీలో అయితే "ముతఫజ్జిర్" అని రాసి ఉంటుంది. చిక్కంతా ఆ బొమ్మ లేని డ్రమ్ములతోనే.

బీరూట్ సంగతే చూడండి. 2020 ఆగస్టు 4న అక్కడి ఓడరేవులో 2,750 టన్నుల అమ్మోనియం నైట్రేట్ పేలి 200 మందికి పైగా చనిపోయారు. మంటలు ఆర్పడానికి వెళ్లిన ఫైర్ సిబ్బంది కూడా వాళ్లలో ఉన్నారు. అది జరిగిన వారంలోనే చెన్నై దగ్గర ఏళ్లుగా నిల్వ ఉన్న సుమారు 700 టన్నుల అదే సరుకును హడావుడిగా మన హైదరాబాద్ వైపు తరలించడం మొదలుపెట్టారు. ఎరువుగా వాడే అమ్మోనియం నైట్రేట్ మీద సాధారణంగా బాంబు బొమ్మ ఉండదు. వలయం మీద మంట బొమ్మ మాత్రమే ఉంటుంది. అంటే అది ఆక్సిడైజర్, పక్కనున్నదాన్ని మండించే రకం. మామూలుగా గమ్మున పడుంటుంది. డీజిల్, రంపపు పొట్టు లాంటివి కలిసినా, మూసిన చోట మంట తగిలినా కథ మారిపోతుంది.

ఫైబర్‌గ్లాస్ ట్యాంకులు, పైపులు చేసే కంపెనీల్లో ఉన్నవాళ్లు ఇది జాగ్రత్తగా చదవండి. మీరు రెసిన్‌లో కలిపే హార్డెనర్ (ఎంఈకేపీ) ఆర్గానిక్ పెరాక్సైడ్. చాలా డబ్బాల మీద మంట బొమ్మే కనిపిస్తుంది. కానీ దాన్ని కోబాల్ట్ యాక్సిలరేటర్‌తో నేరుగా కలిపితే ఒక్కసారిగా భగ్గుమంటుంది, పేలొచ్చు కూడా. రెండింటినీ విడివిడిగా రెసిన్‌లో కలపాల్సిందే. ఒకే గరిటె, ఒకే కొలపాత్ర రెండింటికీ వాడొద్దు. ఎండలో పెట్టొద్దు. సౌదీ ఎండ సంగతి మీకు వేరే చెప్పాలా!

ఖాళీ డ్రమ్ము ఇంకో మోసం. థిన్నర్ అయిపోయినా ఆవిరి లోపలే ఉంటుంది. కట్టర్ పెట్టగానే మూత ఎగిరి మొహానికి తగులుతుంది. "ఖాళీదే కదా, కోసెయ్" అని ఫోర్‌మన్ చెప్పినా, శుభ్రం చేయించి, గ్యాస్ చెక్ చేయించిన తర్వాతే ముట్టుకోండి.

పొడుల సంగతీ అంతే. 2025 జూన్ 30న సంగారెడ్డి జిల్లా పాశమైలారంలో ఒక ఫార్మా ఫ్యాక్టరీ పేలి 40 మందికి పైగా చనిపోయారు. వాళ్లలో ఎక్కువమంది బయటి రాష్ట్రాల నుంచి వచ్చిన వలస కార్మికులే. అక్కడ తయారయ్యేది మాత్రల్లో కలిపే సెల్యులోజ్ పొడి, బాంబు సరుకు కాదు. గాలిలో లేచిన పొడే అంటుకుని ఉంటుందని నిపుణులు అనుమానించారు.

కాబట్టి డబ్బా మీద బొమ్మతో ఆగకుండా ఎస్‌డీఎస్ అనే సేఫ్టీ షీట్ అడగండి. అందులో 16 భాగాలుంటాయి, అన్నీ చదవక్కర్లేదు. 2వ భాగంలో ప్రమాదాలు, 10వ భాగంలో దేనితో కలపకూడదో, ఎంత వేడి తగలకూడదో ఉంటాయి. 14వ భాగంలో రవాణా క్లాస్ చూడండి. 1 అంటే పేలుడు పదార్థం, 5.1 అంటే ఆక్సిడైజర్, 5.2 అంటే ఆర్గానిక్ పెరాక్సైడ్. 9వ భాగంలో "పేలుడు గుణం లేదు" అని ఉంటే ఆ సరుకు శుద్ధంగా, సరిగ్గా ఉన్నప్పటి మాట అది. వేరేది కలిసినప్పుడు ఏమవుతుందో 10వ భాగమే చెబుతుంది. ఇంగ్లిష్ రాకపోతే చదివి చెప్పమని సేఫ్టీ ఆఫీసర్‌ని అడగండి, మొహమాటపడొద్దు.

అడిగే హక్కు మీకుంది. పనిలో దిగే ముందే ప్రమాదాలు చెప్పాలని సౌదీ కార్మిక చట్టం 123వ ఆర్టికల్ యజమానికి చెబుతోంది. అవసరమైతే భద్రతా సూచనలు కార్మికులకు అర్థమయ్యే భాషలో పెట్టాలని 122వ ఆర్టికల్ అంటుంది. తీవ్ర ప్రమాదం ఉందని తెలిసీ యజమాని పట్టించుకోకపోతే నోటీసు లేకుండా పని మానొచ్చని 81వ ఆర్టికల్‌లో ఉంది. అయితే చెప్పాపెట్టకుండా క్యాంపు వదిలితే హురూబ్ పెట్టేస్తారు. ముందు రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి, ఎంబసీతో మాట్లాడి అడుగు వేయండి. లేబుల్ ఫోటో తీయాలనిపిస్తుంది కానీ చాలా ప్లాంట్లలో ఫోటోలు నిషేధం. లేబుల్ మీద ఉండే నాలుగంకెల యూఎన్ నంబర్ చిన్న కాగితం మీద రాసుకుంటే చాలు.

మంట కనిపిస్తే వీడియో తీస్తూ నిలబడొద్దు, దూరంగా పరుగెత్తండి. బీరూట్‌లో మొదట కనిపించింది పొగ, మంటలే. పెద్ద పేలుడు తర్వాత జరిగింది. దూరం వెళ్లాక సివిల్ డిఫెన్స్‌కు 998, రియాద్, మక్కా, మదీనా, తూర్పు ప్రాంతాల్లో అయితే 911కి ఫోన్ చేసి ఆ నాలుగంకెలూ చదివి వినిపించండి.