చెన్నపురిలో సామ్యవాద పఠనము

సామ్యవాదమనగానే మనలో కొందరికి ఎఱ్ఱజెండా, మఱికొందరికి సమ్మె జ్ఞప్తికి వచ్చును. పుస్తకము జ్ఞప్తికి వచ్చువారు తక్కువ. ఆ భావములను మెచ్చువారును మెచ్చనివారును గూడ, అవి మన నగరమున ఎట్లు వినబడెనో, ఎట్లు చదువబడెనో తెలిసికొనుట మంచిదని ఈ నాలుగు మాటలు వ్రాయుచున్నాను.

పెరంబూరు ప్రాంతమున వేంకటేశ గుణామృతవర్షిణీ సభ యను భక్తసమాజముండెను. మిల్లు కార్మికులు అచ్చట ధర్మప్రసంగములు వినుచుండిరి. సభను నడుపుచుండిన శెల్వపతి శెట్టి, రామానుజులు నాయుడు గారలు, ప్రసంగము వినవచ్చినవారి కష్టములను గూడ చెవినిబెట్టిరి. దాని ఫలితముగా 1918 ఏప్రిల్ 27న బి. పి. వాడియాగారి అధ్యక్షతన మద్రాసు లేబర్ యూనియన్ వెలసినది. అది సామ్యవాద సంఘము కాదు; అయినను కార్మికులు తమ స్థితిని గూర్చి కలిసి ఆలోచించుట అచ్చట అలవడినది.

పిదప 1923 మే 1న సింగారవేలు చెట్టియారుగారు హైకోర్టు కెదుటను, తిరువల్లిక్కేణి తీరమునను సభలు జరిపి, మన దేశమున తొలి మే దినోత్సవమును నెరపిరి.

నెల్లూరు జిల్లా అలగానిపాడున జన్మించిన పుచ్చలపల్లి సుందరయ్యగారు ఇచ్చటి లయోలా కళాశాలలో చదువుచు, 1930లో చదువు విడిచి సత్యాగ్రహమున చేరిరి. మీరట్ కుట్రకేసులో ప్రభుత్వము వెదకుచుండిన అమీర్ హైదర్ ఖాన్‌గారు 1931లో మారుపేరుతో చెన్నపురి చేరి, యువకులకు ఈ సిద్ధాంతములను బోధించిరి. ఆయన ప్రభావమున సుందరయ్యగారు ఈ మార్గము పట్టిరి. 1934లో కమ్యూనిస్టు పార్టీ నిషేధింపబడినది. నిషేధము 1942లో తొలగినది. ఆ యెనిమిదేండ్లును ఇట్టి గ్రంథము చదువుటకు ధైర్యము గూడ కావలసియుండెను.

ఇంతకు ఆ గ్రంథములలో నేమున్నది? మార్క్స్, ఎంగెల్స్ గారల ‘కమ్యూనిస్టు ప్రణాళిక’ 1848లోను, మార్క్స్‌గారి ‘పెట్టుబడి’ మొదటి సంపుటము 1867లోను వెలువడినవి. సారమిది: నేతపనివాడు దినమునకు పది గంటలు పనిచేయుననుకొందము. తన కూలికి సరిపడు విలువను ఆరు గంటలలో సృష్టించును. తక్కిన నాలుగు గంటల ఫలము యజమానికి చేరును. దీనినే ‘అదనపు విలువ’ యనిరి. పెట్టుబడి, కూలి యను మాటలు మన అంగళ్లలో ఏనాటివో. కనుకనే తెలుగున ఈ శాస్త్రము మనకు పరాయిదిగా తోచదు.

నేను గుమాస్తాగా చేరిన క్రొత్తలో, మాస్కోలో అచ్చయిన తెలుగు పుస్తకములు కొలది రూపాయలకే లభించెడివి. 1991లో సోవియట్ యూనియన్ విచ్ఛిన్నమైన పిదప వాని రాక నిలిచినది. ఆ ప్రభుత్వముల క్రింద ప్రజలు పడిన నిర్బంధములను నేను మఱువలేదు. ఆ పుస్తకములను పాఱవేయను గూడ లేదు.

ఇటీవల కళాశాలలో చదువుచున్న మా మనుమడు ‘సర్‌ప్లస్ వాల్యూ’ అనగానేమి తాతయ్యా అని యడిగెను. పెట్టెనుండి పుస్తకము తీసి యిచ్చితిని. అట్ట త్రిప్పి చూచి, “నాకు తెలుగు చదువరాదు గదా” యనెను. నేనే ప్రక్కన గూర్చుండి చదివి వినిపించితిని. పెరంబూరు కార్మికులవలె వాడును చెవితోనే ఆరంభించినాడు. వాడు ఒప్పుకొనునో, త్రోసిపుచ్చునో వాని యిష్టము. కాని రెండింటికిని ముందు చదువగలుగవలెను. ఇప్పుడు మా యింట ప్రతి ఆదివారము అక్షరాభ్యాసము జరుగుచున్నది. సోదరులారా, మీ యిండ్లలోను జరుగుగాక.