మూర్ఛ ఉన్న పిల్లల పెంపకం, మందుల దుష్ప్రభావాలు: ఘంటసాల ప్రాంతం నేపథ్యంగా ఒక పరిశీలన

ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనాలో లోకంలో దాదాపు 5 కోట్ల మందికి మూర్ఛ ఉంది. సరైన వైద్యం అందితే వారిలో 70 శాతం దాకా ఫిట్స్ లేకుండా బతకగలరు. పేద దేశాల్లో నాలుగింట మూడొంతుల మందికి ఆ వైద్యమే అందడం లేదు. ఈ అంకెలు మందు అందనివాళ్ల గురించి చెబుతాయి. మందు అంది, ఇంటికి వచ్చి, కొన్నాళ్లు వాడాక ఎవరికీ చెప్పకుండా ఆగిపోయిన సందర్భాల గురించి మాత్రం వీటిలో పెద్దగా కనపడదు. పిల్లల విషయంలో ఈ ఆపేయడాన్ని డాక్టర్లు తేలిగ్గా నిర్లక్ష్యం అనేస్తారు. నిజానికి మందు మొదలుపెట్టాక బిడ్డ మునుపటిలా లేడని రోజూ కళ్లారా చూసిన తల్లి తీసుకున్న నిర్ణయం అది. అందుకే దుష్ప్రభావాలను గమనించడం వైద్యంలో భాగమనీ, తల్లి చెప్పే మాటను సాక్ష్యంగా తీసుకోవాలనీ ఈ వ్యాసం వాదిస్తుంది.

పరిశీలనకు కృష్ణా దిగువ డెల్టాలోని ఘంటసాలను తీసుకున్నాను. బౌద్ధ స్తూపంతో చరిత్రకారులకు పరిచయమైన ఈ మండల కేంద్రం మచిలీపట్నానికి 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. మచిలీపట్నంలో 2023లో ప్రభుత్వ వైద్య కళాశాల మొదలైనా, నరాల డాక్టరు కోసం జనం విజయవాడకో గుంటూరుకో బయల్దేరతారు. నెలకో, మూడు నెలలకో ఒకసారి జరిగే ఆ ప్రయాణానికీ ప్రయాణానికీ మధ్య బిడ్డ మంచిచెడ్డలు చూసేది ఇల్లు, ఆర్‌ఎంపీ డాక్టరు, మెడికల్ షాపు. బెంగళూరు చుట్టుపక్కల జరిగి 2004లో వెలువడిన ఇంటింటి సర్వే పల్లెల్లో వెయ్యికి 11.9 మందికి, నగరంలో 5.7 మందికి మూర్ఛ ఉన్నట్టు తేల్చింది. ఆ లెక్కన పది వేల జనాభా ఉన్న ఊళ్లో వంద మందికి పైగా ఉంటారు. వాళ్లలో పిల్లలూ ఉంటారు.

ఇంట్లో మందు వేసే తీరు దగ్గరనుంచి చూస్తే ఎన్నో దుష్ప్రభావాల మూలం తెలుస్తుంది. నాట్లప్పుడూ మినుము తీతలప్పుడూ తల్లి తెల్లవారకముందే పొలానికి పోతుంది. పొద్దుటి మోతాదు నాయనమ్మ చేతికి వస్తుంది. ఫెనిటోయిన్ సిరప్పులో మందు అడుక్కి పేరుకుంటుంది. సీసా బాగా కుదపకుండా పోస్తే మొదటి రోజుల్లో పైనుండే పలుచని నీళ్లే బిడ్డ కడుపులోకి పోతాయి, ఫిట్స్ ఆగవు. సీసా అడుగుకొచ్చేసరికి చిక్కటి మందు పడి బిడ్డ తూలుతూ నడుస్తాడు, కళ్లు అటూ ఇటూ కొట్టుకుంటాయి. ఒకే సీసాలో, ఒకే చెంచాతో, పదిహేను రోజుల తేడాలో ఈ రెండూ జరుగుతాయి. ‘మందు పనిచేయడం లేదు, పైగా మత్తెక్కిస్తోంది’ అని ఇంటివాళ్లు అనుకోవడం చూసినదాన్నిబట్టి సబబే. పైగా ఫెనిటోయిన్ మోతాదు ఒక మేర దాటాక కాస్త పెంచినా రక్తంలో చాలా పెరిగిపోతుంది.

చెంచాతోనూ చిక్కే. సోడియం వాల్ప్రొయేట్ సిరప్పు సాధారణంగా 5 మిల్లీలీటర్లకు 200 మిల్లీగ్రాములు. లెవెటిరాసిటామ్ సిరప్పు ఒక్క మిల్లీలీటరుకే 100 మిల్లీగ్రాములు. మందు మార్చినప్పుడు పాత చెంచా కొలతే పట్టుకుంటే రెండున్నర రెట్లు ఎక్కువ మిల్లీగ్రాములు పడతాయి. ఇక ‘క్రోనో’ బిళ్లలను నలగ్గొట్టి అరటిపండులో కలిపి పెట్టడం ఉంది. నెమ్మదిగా కరగాల్సిన మందు ఒక్కసారిగా విడుదలై కడుపులో తిప్పుతుంది, మగత కమ్ముతుంది. వీటికి మందు మార్చనక్కర్లేదు, సూదిలేని సిరంజి ఇచ్చి పోసే విధం ఒకసారి చేసి చూపిస్తే చాలు. బిడ్డ బరువూ చూడాలి. 15 కిలోల బిడ్డకు కిలోకు 20 మిల్లీగ్రాముల చొప్పున రాసిన 300 మిల్లీగ్రాములు, వాడు 22 కిలోలకు ఎదిగేసరికి కిలోకు 14 కూడా పడవు. మళ్లీ ఫిట్స్ వస్తే మందు వికటించిందనుకుంటారు.

మందు వల్లే వచ్చే దుష్ప్రభావాలు వేరు. వాటిపై పరిశోధనను జాగ్రత్తగా చదవాలి. 1912 నుంచి వాడుకలో ఉన్న ఫినోబార్బిటాల్ చవక, అందుకే పల్లె వైద్యంలో నిలిచింది. అమెరికాలో 1990లో వెలువడిన ఒక పరిశోధనలో 8 నుంచి 36 నెలల వయసున్న 217 మంది పిల్లలను చూశారు. ఈ మందుకు కేటాయించిన పిల్లల ఐక్యూ రెండేళ్ల తర్వాత సగటున 8.4 పాయింట్లు తక్కువగా కనపడింది. 1998లో పశ్చిమ బెంగాల్ పల్లెల్లోని 94 మంది పిల్లలపై వెలువడిన పరిశోధన మాత్రం, ఫెనిటోయిన్‌తో పోలిస్తే ఫినోబార్బిటాల్ వల్ల ప్రవర్తన సమస్యలు ఎక్కువ కావని తేల్చింది. రెండింటినీ ఎదురెదురు పెట్టి ఒకటి తప్పనడం సరికాదు. అమెరికా పిల్లలకు ఉన్నది జ్వరంతో వచ్చే ఫిట్స్. ఆరు నెలలనుంచి ఐదేళ్లలోపు పిల్లల్లో నూటికి ఇద్దరినుంచి ఐదుగురికి వచ్చే ఈ ఫిట్స్‌కు చాలామందిలో రోజూ మందే అక్కర్లేదు. బెంగాల్ పిల్లలకు ఉన్నది మూర్ఛ, వాళ్లకు మందు లేకపోతే ఫిట్స్ వస్తూనే ఉంటాయి. కాబట్టి డెల్టాలో ఏ తల్లయినా డాక్టరును మొదట అడగాల్సింది ‘మా బిడ్డది జ్వరం ఫిట్సా, మూర్ఛా?’ అని.

కార్బమజెపిన్, లామోట్రిజిన్, ఫెనిటోయిన్ మొదలుపెట్టిన తొలి రెండు నెలల్లో ఒంటిమీద దద్దుర్లు, జ్వరం, నోట్లో పుండ్లు, కళ్లెర్రబడటం కలిసి వస్తే ప్రాణం మీదికి తెచ్చే చర్మ ప్రతిచర్య కావచ్చు. ఇక్కడ మన ఊళ్ల నమ్మకం ఒకటి అడ్డొస్తుంది. జ్వరంతో పొక్కులు లేచాయంటే ‘అమ్మవారు పోసింది’ అని వేపాకు పరిచి పడుకోబెడతారు, డాక్టరు దగ్గరికి తీసుకుపోరు. ఆ నమ్మకాన్ని ఎగతాళి చేయడం వల్ల ఒరిగేదేమీ లేదు. చీటీ రాసేటప్పుడే ‘ఈ మందు మీద ఉండగా అమ్మవారు పోసినట్టు కనిపిస్తే ఆ రోజే రండి’ అని ఆ మాటలతోనే చెప్పాలి. రెండేళ్లలోపు పిల్లలకు, ముఖ్యంగా మూర్ఛకు రెండు మూడు మందులు కలిపి వాడుతుంటే, వాల్ప్రొయేట్ వల్ల కాలేయం దెబ్బతినే ముప్పు ఎక్కువ. ఆగని వాంతులు, తిండి మానేయడం, విపరీతమైన మగత, ఉన్నట్టుండి ఫిట్స్ పెరగడం దాని గుర్తులు. వీటిని ‘మందు వేడి చేసింది’ అని మజ్జిగతో సరిపెట్టకూడదు.

లెవెటిరాసిటామ్ సంగతి ఇంకోలా ఉంటుంది. కొందరు పిల్లల్లో కోపం, ఏడుపు, చిన్నదానికే విసురు పెరుగుతాయి. బిడ్డ మొండికేస్తున్నాడని ఇంట్లో కొడతారు, బళ్లో బయట నిలబెడతారు. మందు చేసిన పనికి బిడ్డ దెబ్బలు తినడం కన్నా అన్యాయం ఈ వైద్యంలో ఇంకోటి లేదని నా నమ్మకం. మోతాదు మార్చితేనో, మందే మార్చితేనో చాలామంది తిరిగి నెమ్మదిస్తారు, కానీ అది డాక్టరు చేయాలి. అకస్మాత్తుగా ఆపితే ఫిట్స్ వెంటవెంటనే వచ్చి ఆగని స్థితికి చేరవచ్చు. చదువు మీద ప్రభావమూ మందును బట్టి మారుతుంది. చూపు నిలిచిపోయి క్షణాలపాటు ఆగిపోయే రకం మూర్ఛ ఉన్న 453 మంది పిల్లలపై 2010లో వచ్చిన పరిశోధనలో ఇథోసక్సిమైడ్, వాల్ప్రొయేట్ రెండూ ఫిట్స్‌ను బాగా ఆపాయి. ఏకాగ్రత లోపం మాత్రం వాల్ప్రొయేట్ తీసుకున్నవారిలో 49 శాతానికీ, ఇథోసక్సిమైడ్ తీసుకున్నవారిలో 33 శాతానికీ కనపడింది. పిల్లవాడు మందకొడిగా ఉన్నాడని మాస్టారు చెప్పే మాట కూడా వైద్య సమాచారమే.

ఆడపిల్లల విషయం ప్రత్యేకంగా చెప్పాలి. గర్భంలో ఉండగా వాల్ప్రొయేట్ సోకిన బిడ్డల్లో దాదాపు నూటికి పదిమందికి పుట్టుకతో లోపాలు, 30 నుంచి 40 శాతం మందికి ఎదుగుదల సమస్యలు రావచ్చు. అందుకే బిడ్డను కనే వయసు ఆడవారికి ఈ మందు రాయవద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పింది. ఏడేళ్ల పాపకు మొదలుపెట్టిన మందు పద్నాలుగేళ్లకీ అదే చీటీ మీద సాగిపోవడం మన దగ్గర మామూలే. రజస్వల వేడుకకు బంధువులందరినీ పిలుస్తారు, నరాల డాక్టరుకు ఆ సంగతి ఎవరూ చెప్పరు. వయసుకు వచ్చేముందే మందు మార్చే ఆలోచన చేయాలి. ఇంకో భయం పెళ్లి. హిందూ వివాహ చట్టంలో మూర్ఛను పెళ్లికి అడ్డుగా చూపిన మాటను 1999 సవరణతో తీసేశారు. అయినా దాచి పెళ్లి చేయడం, అత్తింట్లో కనపడకుండా మాత్ర మింగలేక మానేయడం, అక్కడ ఫిట్స్ రావడం జరుగుతూనే ఉన్నాయి. చట్టం మారిన సంగతి డాక్టరు నోటివెంట వింటే తల్లిదండ్రులకు కాస్త ధైర్యం.

ఇంటరు పిల్లలకు హాస్టళ్ల ముప్పు ఉంది. పొద్దున్నే పళ్లు తోముకునేటప్పుడు చేతులు ఉలిక్కిపడి బ్రష్షు జారిపోయే రకం మూర్ఛ సరిగ్గా ఆ వయసులోనే బయటపడుతుంది. నిద్ర చాలకపోతే అది ముదురుతుంది. రాత్రి పదకొండు దాకా స్టడీ అవర్స్, మళ్లీ ఐదింటికి లేపడం దానికి ఆజ్యం పోస్తాయి. శివరాత్రి జాగారమూ అంతే. రాత్రి మాత్రతో మగతగా ఉన్న పిల్లాణ్ని వార్డెను సోమరి అనుకోకుండా ఉండాలంటే అతనికి విషయం చెప్పాలి. కాలవల దగ్గర మాత్రం గట్టిగా ఉండాలి. మూర్ఛ ఉన్నవారికి నీట మునిగి చనిపోయే ముప్పు ఇతరులకన్నా 15 నుంచి 19 రెట్లు ఎక్కువ. బందరు కాలువలోనో చెరువులోనో ఒంటరిగా దిగనివ్వకూడదు.

వేరే జబ్బుకు తెచ్చే మందులూ చూసుకోవాలి. విరేచనాలకు ఊళ్లో సులువుగా ఇచ్చే ఒఫ్లాక్సాసిన్ ఫిట్స్‌ను రేపగలదు. కార్బమజెపిన్ మీద ఉన్న బిడ్డకు దగ్గుకో చెవిపోటుకో క్లారిథ్రోమైసిన్ వేస్తే ఒంట్లో మందు పేరుకుని ఒకటి రెండుగా కనపడుతుంది. ఆర్‌ఎంపీకి మొదట చూపించాల్సింది మూర్ఛ మందుల చీటీ.

ఇవన్నీ నోటు పుస్తకంలో రాసుకుంటే డాక్టరు దగ్గరి ఐదు నిమిషాలు వృథా కావు. ఏ పూట ఏ మందు ఎంత పోసింది, బిడ్డ ఎప్పుడు పడుకుంది, తిండి, బరువు, కోపం, నడక, చిగుళ్ల వాపు రాయాలి. ఫిట్స్ వచ్చినప్పుడు ఇంట్లో ఇంకొకరు ఫోన్లో తీసిన వీడియో డాక్టరుకు ఎంతో ఉపయోగం. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం బళ్లలో చూసే జబ్బుల జాబితాలో మూర్ఛ ఉంది, కాబట్టి ఆ కార్యక్రమ బృందం కనుక్కున్న పిల్లల ఇళ్లకు ఆశా కార్యకర్త ఆ పుస్తకం చూసేందుకు వెళ్లవచ్చు. 2010నుంచి నడుస్తున్న దేశ ఔషధ భద్రతా కార్యక్రమానికి దుష్ప్రభావాన్ని రోగి ఇంటివారే నేరుగా చెప్పవచ్చు, నంబరు 1800-180-3024. డాక్టరు నమ్మకపోయినా తల్లి మాట దేశ లెక్కలోకి ఎక్కడానికి ఇదొక దారి.

మందు ఆపే వేళకూ డెల్టాలో ఒక లెక్క ఉండాలి. సాధారణంగా రెండేళ్లు ఫిట్స్ లేకపోతే డాక్టరు నెలల తరబడి కొద్దికొద్దిగా తగ్గిస్తారు. మార్చిలో పదో తరగతి పరీక్షలు. అక్టోబరు, నవంబరు తుఫాను నెలలు. 1977 నవంబరు 19 ఉప్పెన చూసిన, ఈ డెల్టాలోని దివిసీమకు రోడ్లు తెగితే ఎలా ఉంటుందో చెప్పనక్కర్లేదు. మందు వాడుతున్న ఇళ్లలో ఆ నెలల్లో పదిహేను రోజుల నిల్వ ఉండాలి. పరీక్షలకూ తుఫానులకూ తగలకుండా తగ్గించేది ఏప్రిల్‌లో మొదలుపెడితే సెలవుల్లో బిడ్డ కళ్లెదుట ఉంటాడు, సెప్టెంబరుకల్లా పని ముగుస్తుంది. ఆపిన తొలి ఏడాదిలో తిరగబెట్టే అవకాశం ఎక్కువ కాబట్టి ముక్కులో కొట్టే మిడజోలమ్ స్ప్రే ఇంట్లో అందరికీ తెలిసిన చోట ఉంచాలి. ఫిట్ ఐదు నిమిషాలు దాటితే డాక్టరు చెప్పిన మోతాదులో అది కొట్టాలి. బిడ్డను పక్కకు తిప్పి పడుకోబెట్టాలి. చేతిలో తాళంచెవి గానీ నోట్లో చెంచా గానీ పెట్టకుండా ఆసుపత్రికి బయల్దేరాలి.