జాకీ చక్రాలు (సైకిల్)
రోడ్ సైకిల్ వెనుక డీరైలర్‌లో (గేర్లు మార్చే పరికరంలో) గొలుసును నడిపే రెండు చిన్న పళ్ళ చక్రాలు. పైనున్న గైడ్ చక్రం గేరు మార్చినప్పుడు గొలుసును మళ్ళిస్తుంది; కిందనున్న టెన్షన్ చక్రం గొలుసు వదులు కాకుండా లాగి పట్టుకుంటుంది. బెంగళూరు నుంచి నంది కొండకు సుమారు 60 కిలోమీటర్ల దారిలో దుమ్ము, వానబురద వీటిని త్వరగా అరగదీస్తాయి. పళ్ళు మొనదేలినా, చక్రం గరగరలాడినా మార్చాలి.

కొనేటప్పుడు పళ్ళ సంఖ్య (చాలా రోడ్ సైకిళ్ళలో 11), బోల్టు కొలత, గేర్ల సంఖ్యకు తగిన మందం సరిచూడాలి. సీల్డ్ బేరింగు రకం తేలిగ్గా తిరుగుతుంది. బుష్ రకం చవక, గ్రీజు పెట్టడం సులువు. షిమానో కంపెనీ గైడ్ చక్రాలు చాలావరకు పక్కలకు కొద్దిగా కదులుతాయి; అది లోపం కాదు, గేరు సాఫీగా పడడానికి చేసిన ఏర్పాటు. అందుకే పైచక్రాన్ని కింద బిగించరాదు.