పూలసజ్జలో ఆకుపచ్చ

వేజ్‌లో గుడ్డ పూలో ప్లాస్టిక్ పూలో సర్దేటప్పుడు మనందరం ముందు చూసేది పూలనే. నన్నడిగితే అసలు పనంతా ఆకులది. పది గులాబీలు ఒకచోట గుచ్చితే అది ఉత్త పూలకట్ట. మధ్యలో అక్కడక్కడా ఆకులు దూర్చి, ఒకటి రెండు రెమ్మలను అంచు మీదుగా కిందికి వాలనిస్తే అప్పుడు దానికి కళ వస్తుంది. ఆకు రంగు కుదరలేదా, ఎంత ఖరీదు పెట్టి కొన్న పూలైనా గుమ్మంలోంచే తేలిపోతాయి.

ఈ సంగతి నూట అరవై ఏళ్ళ కిందట లండన్ ఆడవాళ్ళకు బాగా తెలుసు. వాళ్ళకు కావలసిన ఆకుపచ్చ దొరికింది కూడా. ఆ కథ చదివినప్పటి నుంచీ నేను పూలకొట్టులో ఆకులను ఇంకోలా చూస్తున్నాను.

చేసిన పూలు కొత్తవేం కాదు. చైనాలో పట్టుపూలు ఎప్పటినుంచో ఉన్నాయి. మన పెళ్ళిళ్ళకు జీలుగు బెండుతో బాసికాలు చేసేవారు. కానీ వాటి మీద పిచ్చి పతాకానికి చేరింది మాత్రం విక్టోరియా రాణి కాలంలోనే. 1840లో రాణిగారి పెళ్ళికి ఎమ్మా పీచీ అనే ఆవిడ పదివేల తెల్ల మైనపు గులాబీలు చేసి ఇచ్చారు. 1851లో ఆ విద్య నేర్పుతూ పుస్తకమే వేశారు. ఇళ్ళలో ఆడవాళ్ళు మైనపు పూలు చేసుకుని, హాల్లో గాజు బుడ్డి కింద అమర్చుకునేవారు. బొగ్గు పొయ్యిల ఊరు కదా, దుమ్ము, మసి పడకుండా ఆ గాజు. (మన టీవీ మీద వేజ్‌కి అలాంటిది ఒకటుంటే ఎంత బావుండేది! వారం వారం సర్ఫు నీళ్ళలో ముంచే బాధ తప్పేది.)

ఇళ్ళలో సరదాగా చేసుకునేవి అవి. విందులకు, నాట్యాలకు తలలో పెట్టుకునే పూలకిరీటాలు మాత్రం కార్ఖానాల్లోంచి వచ్చేవి. వాటి ఆకులకు మంచి పచ్చదనం ఎలా వచ్చిందంటే, 1775లో షీలే అనే స్వీడన్ రసాయన శాస్త్రవేత్త రాగినీ ఆర్సెనిక్‌నూ కలిపి ఒక ఆకుపచ్చ కనిపెట్టాడు. ఆ తర్వాత అదే జాతిలో ఇంకా మెరిసే ఎమరాల్డ్ గ్రీన్ వచ్చింది. ఆర్సెనిక్ అంటే మరేమిటో కాదు, మనవాళ్ళు పాషాణం అనేదే.

మటిల్డా ష్యూరర్ అని పందొమ్మిదేళ్ళ అమ్మాయి. లండన్‌లో ఒక పూల కార్ఖానాలో సుమారు వందమందితో కలిసి పనిచేసేది. గుడ్డతో కత్తిరించిన ఆకుల మీద ఆ పచ్చపొడి అద్దడం ఆమె పని. పొడి గాల్లోకి లేచేది. పీల్చింది పీల్చగా, తినేటప్పుడు చేతికంటినది లోపలికి పోయేది. 1861 నవంబరులో ఆమె చనిపోయింది. పచ్చటి వాంతులు, ఆగకుండా ఫిట్స్. కళ్ళలో తెల్లగుడ్డు పచ్చబడింది, గోళ్ళు పచ్చబడ్డాయి. ఏది చూసినా పచ్చగానే కనిపిస్తోందని డాక్టరుతో చెప్పిందట. చనిపోయాక పరీక్ష చేస్తే పొట్టలోనే కాదు, కాలేయంలోనూ ఊపిరితిత్తుల్లోనూ విషం దొరికింది.

నా మనసుకు పట్టింది ఆ తర్వాత జరిగినది. లేడీస్ శానిటరీ అసోసియేషన్ అని ఒక మహిళా సంఘం ఉండేది. పరిశుభ్రత గురించి చిన్న చిన్న పుస్తకాలు వేసి పంచేవారు. ఇప్పటి వాళ్ళెవరైనా చూస్తే కాలక్షేపం సంఘం అనుకుంటారు. ఆ సంఘంలోని ఒకావిడ స్వయంగా పూలు చేసే గదులకు వెళ్ళి, చూసినదంతా రాసింది. ఆ తర్వాత సంఘంవాళ్ళు కిరీటాల్లోని ఆకులను హాఫ్‌మన్ అనే పేరున్న రసాయన శాస్త్రవేత్తకు ఇచ్చి పరీక్ష చేయించారు. ఒక్క కిరీటంలో ఇరవై మందిని చంపగలిగేంత విషం ఉందని ఆయన తేల్చారు. 1862 ఫిబ్రవరి 1న ఆ సంగతి టైమ్స్ పత్రికలో వచ్చింది. అదే నెలలో పంచ్ పత్రిక ఒక కార్టూన్ వేసింది. అస్థిపంజరం పెద్దమనిషి ఒకడు అస్థిపంజరం దొరసానిని నాట్యానికి పిలుస్తుంటాడు. కార్టూన్ బాగానే ఉంది. కానీ అందులో నాట్యం చేసేవాళ్ళే ఉన్నారు, పొడి అద్దిన పిల్ల లేదు.

ఆ రంగు బట్టల్లో, పూలలో వాడకూడదని బ్రిటన్‌లో చట్టమేమీ రాలేదు. కొనేవాళ్ళు భయపడ్డారు, వేరే రంగులు వచ్చాయి, మెల్లగా అది పోయింది.

పాషాణం పోయింది గానీ, పూలపని మాత్రం ఆడవాళ్ళ చేతుల్లోంచీ పిల్లల చేతుల్లోంచీ పోలేదు. లూయిస్ హైన్ అనే ఫోటోగ్రాఫర్ 1911 ప్రాంతంలో న్యూయార్క్ ఇరుకు వాటాల్లో పూలు చుడుతున్న కుటుంబాలను ఫోటోలు తీశాడు. ఒక ఫోటోలో తల్లి, పదమూడేళ్ళ కూతురు, ఎనిమిదేళ్ళ కొడుకు, ఆరేళ్ళ కొడుకు బల్ల చుట్టూ కూర్చుని ఉంటారు. కూతురు బడి నుంచి వచ్చాక ఒక్కోసారి రాత్రి తొమ్మిదింటి దాకా పని చేస్తుంది. అంతా కలిసి సంపాదించేది రోజుకు 40, 50 సెంట్లు. ఆ ఇంట్లో ఇరవై నెలల పసివాడు కూడా ఉన్నాడు. ఇప్పుడు పూలతో ఆడుకుంటున్నాడనీ, కొన్నాళ్ళకు వాడూ కాస్త సాయం చేస్తాడని ఇంట్లోవాళ్ళు అనుకుంటున్నారనీ హైన్ ఫోటో కింద రాశాడు. ఈ వాక్యం చదివి నేను కాసేపు పుస్తకం మూసేశాను. మన ఇళ్ళలోనూ అమ్మ బీడీలు చుడుతుంటే పక్కన ఆకులతో ఆడుకున్న పిల్లలు ఉన్నారు కదా.

ఇప్పుడు మన బజారులో దొరికే పూలలో చాలావరకు చైనా నుంచి వచ్చినవే. ఎవరు చేశారో డబ్బా మీద ఉండదు. అయినా పూలు సర్దడం నేను మానలేదు, మానను కూడా. కాడలన్నీ ఒకే పొడవున పెట్టను, తీగను కాస్త వంచుతాను, గుడ్డ ఆకులు బాగాలేకపోతే పెరట్లో క్రోటన్ రెమ్మలు కోసి కలుపుతాను. ఒక్కటే అలవాటు కొత్తగా వచ్చింది, ప్రతి ఆకునూ తిప్పి చూస్తాను. కాడ అంటించిన చోట చాలాసార్లు జిగురు కొంచెం పక్కకు జారి ఉంటుంది. మొన్న తెచ్చిన లిల్లీ రెమ్మకైతే ఒక ఆకును తిరగేసి అంటించారు. దాన్ని కత్తిరించకుండా ముందువైపే పెట్టాను.