ఓడ యెక్కక ముందు

మన గ్రంథాలయ రజతోత్సవ సంచికకు ఒక చారిత్రక వ్యాసము వ్రాసి యీయవలసినదిగా కార్యవర్గమువారు కోరినప్పుడు, ఏ రాజుల కథ వ్రాయుదునా యని కొన్ని దినములు ఆలోచించితిని. ఇంతలో ఒక సాయంకాలము, దినపత్రికలు చదువుకొని అందఱును లేచిపోవు వేళ, ఇంజనీరింగు తుది సంవత్సరము చదువుచున్న మన గ్రామపు కుఱ్ఱవాడొకడు తండ్రిని వెంటబెట్టుకొని వచ్చెను. అమెరికాలో పై చదువునకు పోవువారు వ్రాయు పరీక్షల పుస్తకములు ఉన్నవా యని కుఱ్ఱవాడు అడిగెను. తండ్రి అడిగినది వేఱు. "పొలం కాగితాలు బ్యాంకులో పెట్టమంటున్నారన్నా. పెట్టమంటావా?" అనెను. కుఱ్ఱవాడు కోరిన పుస్తకము మన బీరువాలలో లేదు. తండ్రి ప్రశ్నకు వెంటనే చెప్పదగిన సమాధానము నాయొద్ద లేదు. అయితే ఆ ప్రశ్నను మనకు ముందు ఎదుర్కొన్నవారు చాలమంది కలరని తోచి, వారి కథలనే యిచ్చట వ్రాయుచున్నాను.

మన వెలిగండ్ల ఒకప్పుడు నెల్లూరు జిల్లా కనిగిరి తాలూకాలోని ఊరు. 1970లో ఒంగోలు కేంద్రముగా క్రొత్త జిల్లా యేర్పడగా మనము అందులో చేరితిమి. 1972లో ఆ జిల్లాకు టంగుటూరి ప్రకాశం పంతులుగారి పేరు పెట్టిరి. ఉత్తరములపై ఏండ్ల తరబడి మనము వ్రాసిన ఆ పేరు, అప్పటి కట్టుబాట్లను కాదని సముద్రము దాటి చదివి వచ్చిన యొకాయన పేరని మనలో ఎందఱము తలచితిమో!

పంతులుగారు 1872లో ఒంగోలు ప్రాంతమున వినోదరాయునిపాలెములో పుట్టిరి. పదునొకండవ యేట తండ్రి గతించెను. తల్లి సుబ్బమ్మగారు ఒంగోలులో పూటకూటి యిల్లు నడపి బిడ్డలను పెంచిరి. ఆ కాలమున పూటకూళ్ళు పెట్టుట గౌరవమైన వృత్తిగా లోకము ఎంచలేదు. ఉపాధ్యాయులగు హనుమంతరావు నాయుడుగారు రాజమహేంద్రవరమునకు మకాము మార్చుచు, అచ్చట చదువు బాగుగా సాగునని ఈ శిష్యుని తమ వెంట తీసికొనిపోయిరి. ఒంగోలు నుండి రాజమహేంద్రవరమునకు పోయిన ఆ ప్రయాణమే ఇంగ్లండు ప్రయాణమునకు మొదటి మెట్టని నా అభిప్రాయము. పిల్లవానిని చేయిపట్టుకొని పెద్ద ఊరికి తీసికొనిపోవు గురువు దొరకక మన మెట్టసీమలో ఎన్ని తెలివితేటలు ఎండిపోయినవో లెక్క లేదు.

పంతులుగారు మదరాసులో న్యాయశాస్త్రము చదివి, రెండవ తరగతి ప్లీడరై, రాజమహేంద్రవరమున పేరును ధనమును గడించిరి. అచ్చటి పురపాలక సంఘమునకు అధ్యక్షులును అయిరి. అంతటివారికి హైకోర్టులో నిలిచి వాదించు అర్హత లేకపోయెను. ఒక వ్యాజ్యము పనిమీద మదరాసు పోయినప్పుడు, వారి సామర్థ్యమును చూచిన బారిస్టరొకరు, మీరే బారిస్టరు కారాదా యని సలహా యిచ్చెను. ఆ మాట మనస్సున నాటుకొన్నది. 1904లో ఓడ యెక్కిరి. అప్పటికి వారు ముప్పది యేండ్లు దాటిన సంసారులు. చేతినిండ పని గల ప్లీడరు. చదువుకై మరల పలక పట్టుట అనగా అట్టిది.

ఆనాడు ఇంగ్లండు పోవుటకు పాస్‌పోర్టు అక్కఱలేదు. వీసా అను మాట లేదు. కావలసినది తల్లి అనుమతి. సముద్రయానము కలియుగమున వర్జ్యమని ధర్మశాస్త్ర నిబంధనలు చెప్పుచుండెను. పోయి వచ్చినవాడు ప్రాయశ్చిత్తము చేసికొననిదే పంక్తిలో కూర్చుండనీయని ఊళ్ళు ఎన్నియో కలవు. దీనికి పదునాఱేండ్ల ముందు, 1888లో, గాంధీజీ చదువునకై లండను పోవునప్పుడు బొంబాయిలోని కులపెద్దలు వారిని వెలివేసి, ఓడరేవు వఱకు సాగనంపబోయినవారికి రూపాయి నాలుగణాలు జరిమానా విధించిరి. మద్యము, మాంసము, పరస్త్రీ ముట్టనని తల్లికి ప్రమాణము చేసియే గాంధీజీ కదలిరి. పంతులుగారును మాంసాహారము, పొగ, మద్యము ముట్టనని సుబ్బమ్మగారికి మాట యిచ్చి పోయిరి. ఒకరి నొకరు అప్పటికి ఎఱుగని ఇద్దరు తమ తల్లుల యెదుట దాదాపు ఒకే మాట పలుకుట గమనింపదగినది. బిడ్డ దూరమగుచున్నాడన్న భయమునకు ఆ కాలపు తల్లులకు దొరికిన రూపమది.

బారిస్టరు కావలెననిన పరీక్షలతో పాటు లండనులోని న్యాయవాద సత్రములందు పండ్రెండు విడతలు, ఏడాదికి నాలుగు చొప్పున మూడేండ్లు, నియమితముగా విందులకు కూర్చుండవలెను. చదువులో భోజనము ఒక భాగమగుట మనవారికి నవ్వు పుట్టించును గాని, శాకాహార వ్రతము పట్టినవానికి అది నవ్వులాట కాదు. పంతులుగారు మూడేండ్లును గడపి, యోగ్యతాపత్రముతో 1907లో మరలివచ్చి మదరాసు హైకోర్టులో వృత్తి నారంభించిరి. తరువాతి కథ అందఱెఱిగినదే. వారి 'నా జీవిత యాత్ర' చదివినవారికి నేను చెప్పవలసినది లేదు.

ఇచ్చట ఒక మాట చెప్పకుండ ఉండలేను. సముద్రము దాటరాదను నిషేధమును గూర్చి ఇంత చర్చ జరుగుచున్న దినములలోనే, కూలిపనికై వేలకొలది తెలుగువారు ఓడలెక్కుచునే యుండిరి. కోరంగి, విశాఖపట్టణము రేవులనుండి రంగూనునకు, మారిషసు దీవికి పోయిరి. 1860లో మదరాసు నుండి దక్షిణాఫ్రికాలోని నేటాలునకు పోయిన మొదటి ఓడలోను తెలుగువారు ఉండిరి. వారి తల్లులు ఏ ప్రమాణము చేయించుకొనిరో, ఎవరు వెలివేసిరో వ్రాసిపెట్టినవారు లేరు. చదువునకై పోవువాని ప్రయాణము చరిత్ర యగుచున్నది. కూలికై పోవువాని ప్రయాణము లెక్కల పుస్తకములో ఒక పద్దుగా మిగులుచున్నది. అయినను ఈ రెండు ప్రయాణములు ఒకచోట కలిసినవి. ఆ సంగతి ముందు చెప్పెదను.

ధనమున్నవాడును, ప్రభుత్వ వేతనము దొరికినవాడును పోవుటలో అంతగా చెప్పుకొనదగిన చిక్కు లేదు. చిత్తూరు ప్రాంతపు కట్టమంచి రామలింగారెడ్డిగారు 1902లో భారత ప్రభుత్వ విద్యార్థి వేతనముతో కేంబ్రిడ్జి పోయిరి. చీరాల-పేరాల ఉద్యమ నాయకులగు దుగ్గిరాల గోపాలకృష్ణయ్యగారు 1911లో ఎడింబరో పోయి ఎం.ఏ. పట్టము పొందిరి. వరాహగిరి వేంకటగిరిగారు 1913లో న్యాయశాస్త్రమునకై ఐర్లండులోని డబ్లిన్ నగరమునకు పోయిరి. మదరాసు పోర్టుట్రస్టులో గుమాస్తాగా పనిచేసిన తమిళ గణితవేత్త రామానుజన్‌కు మదరాసు విశ్వవిద్యాలయమువారు ఏడాదికి 250 పౌండ్ల వేతనమును, ఓడ ఖర్చును, దుస్తులకు సొమ్మును ఇచ్చిరి. ఆయన 1914 మార్చి 17న 'నెవాసా' అను ఓడ యెక్కెను. అంతకుముందు తల్లిని, భార్యను కుంభకోణము పంపివైచి, పిమ్మట పిలక తీయించుకొనెను. దొరల దుస్తులు తొడుగుటయు, ముల్లుచెంచాతో తినుటయు నేర్చుకొనెను. గణితములో ప్రపంచమునకు పాఠము చెప్పదగినవాడు కత్తి పట్టుకొనుట నేర్చుకొనవలసివచ్చుట చూడుడు! తల్లి కంట పడకుండ తీసిన ఆ పిలక బరువు ఏ వేతనములోను లెక్కకు రాదు.

వీరందఱికంటె ఎల్లాప్రగడ సుబ్బారావుగారి సన్నాహము నాకు బరువుగా కనిపించును. 1895లో భీమవరమున పుట్టిన ఈయన మెట్రిక్యులేషనులో రెండు మాఱులు తప్పి, మూడవమాఱు మదరాసులో గట్టెక్కిరి. మెట్రిక్ తప్పిన కుఱ్ఱవానిని చూచి ఇక వీడు పనికిరాడని తేల్చు పెద్దలు ఈ సంగతి జ్ఞాపకముంచుకొనవలెను. సోదరులిద్దరు స్ప్రూ అను పేగుల వ్యాధిచే కొద్ది దినముల తేడాలో మరణించిరి. మదరాసు వైద్యకళాశాలలో చదువునప్పుడు గాంధీజీ పిలుపు విని ఖద్దరు అంగీతో శస్త్రచికిత్స గదికి పోయిరి. అది ఆచార్యునకు కంటగింపయ్యెను. చివరకు ఎం.బి.బి.ఎస్. పట్టము చేతికి రాక, దానికంటె తక్కువదగు ఎల్.ఎం.ఎస్. తోనే తృప్తిపడవలసివచ్చెను. మదరాసులోని ఆయుర్వేద కళాశాలలో శరీర శాస్త్రము బోధించుచు, అమెరికా పోవుటకు దారి వెదకిరి.

అప్పటికి కాలము మాఱినది. భారతదేశమున పాస్‌పోర్టు చట్టము 1920లో వచ్చెను. అమెరికా 1917లో చేసిన చట్టము ఆసియా వాసులలో చాలమందికి, మనవారికి సహా, తలుపు మూసినది. విద్యార్థులకు మాత్రము సందు విడిచెను. కావున హార్వర్డు విశ్వవిద్యాలయమున ప్రవేశము దొరకుట అనగా చదువు దొరకుట మాత్రమే కాదు, రేవులో దిగనిచ్చు అనుమతి కూడ దొరకుటయే. కాని వేతనము దొరకలేదు. సొమ్ము ఎచ్చటనుండి వచ్చినది? కొంత మామగారు కస్తూరి సూర్యనారాయణమూర్తిగారు సమకూర్చిరి. కాకినాడలోని మల్లాడి సత్యలింగ నాయకరు ధర్మసంస్థ మఱికొంత సహాయము చేయుటకు మాట యిచ్చెను. ఈ సత్యలింగ నాయకరుగారు సముద్రము దాటి బర్మా పోయి, అచ్చట కష్టించి గడించిన ధనమును ధర్మమునకు వ్రాసినవారు. పైన నేను చెప్పిన రెండు ప్రయాణములు కలిసినచోటు ఇదియే. రంగూను రేవున గడించిన సొమ్ము బోస్టను రేవునకు దారి చూపినది.

సుబ్బారావుగారు 1922 అక్టోబరు 26న బోస్టనులో దిగిరి. ఆసుపత్రిలో రాత్రివేళ సేవకుని పని చేయుచు ఉష్ణమండల వైద్యములో డిప్లొమా సంపాదించిరి. కండరములు పనిచేయుటకు శక్తి యెచ్చటనుండి వచ్చునో తెలుపు పరిశోధనలలో వారి చేయి కలదు. 1940 నుండి లెడర్లీ కంపెనీ ప్రయోగశాలలో పనిచేసిరి. సోదరులను బలిగొన్న స్ప్రూకు పనిచేయు ఫోలిక్ ఆమ్లము అచ్చట వారి నాయకత్వమున తయారయ్యెను. బోదకాలు రాకుండ మన పల్లెలలో ఇంటింటికి పంచిన డి.ఇ.సి. మాత్ర కూడ ఆ ప్రయోగశాలనుండి వెలువడినదే. వెలిగండ్లలో ఎవరైన ఆ మాత్ర మ్రింగియుండిన, ఆ మామగారు సమకూర్చిన రూపాయలలో మనకును భాగము కలదన్నమాట.

కాని బరువైనది ఇక్కడ ఉన్నది. ఆయన తిరిగి రాలేదు. రెండు మూడేండ్లలో వత్తునని పోయినవారు 1948 ఆగస్టులో అమెరికాలోనే కన్నుమూసిరి. వెళ్ళిన తరువాత పుట్టిన కుమారుడు శైశవమునందే మరణించెను. తండ్రి బిడ్డ ముఖము చూడలేదు. భార్య శేషగిరిగారు ఇరువదియాఱేండ్లు ఎదురుచూచిరి. లోకమునకు కలిగిన లాభమును, ఆ యింటికి కలిగిన నష్టమును ఒకే త్రాసులో తూచుట నాకు చేతకాదు. ప్రకాశం పంతులుగారు మూడేండ్లకు తిరిగివచ్చి మనవారైరి. సుబ్బారావుగారు అందఱివారైరి, ఆ ఇల్లాలికి తప్ప. ఓడ యెక్కునాడు ఇద్దరి ఇండ్లలోను వారిని సాగనంపినవారి కన్నీరు ఒక్కటియే.

నేటి సన్నాహము వేఱు. 2023-24 విద్యాసంవత్సరమున అమెరికాలో చదువుచున్న భారతీయ విద్యార్థులు 3,31,602 మంది; ఇతర దేశములన్నిటికంటె మనవారే ఎక్కువ. వీసాకై మదరాసు పోనక్కఱలేకుండ హైదరాబాదులోనే 2009 నుండి అమెరికా కాన్సలేటు పనిచేయుచున్నది. తల్లి చేత ప్రమాణము చేయించుకొను ఆచారము పోయినది. దాని స్థానమున బ్యాంకుకు తండ్రి చేయు సంతకము వచ్చినది. అప్పు పెద్దదైనప్పుడు తరచు ఇల్లో పొలమో తాకట్టు అడుగుదురు.

ఈ కాలపు అపాయము సముద్రములో లేదు. కాలిఫోర్నియాలో ట్రైవ్యాలీ అను పేరుగల యొక విశ్వవిద్యాలయము నుండెను. 2011 జనవరిలో అచ్చటి అధికారులు దానిని మూయించినప్పుడు అందులో పదునైదు వందలకు పైబడిన విద్యార్థులు ఉండిరి. వారిలో అధిక సంఖ్యాకులు భారతీయులు, అందును తెలుగువారు. ఒక దశలో సగమునకు మించిన విద్యార్థులు ఒకే చిరునామాలో కాపురమున్నట్లు దాని రికార్డులలో వ్రాసియుండెను. కొందఱు విద్యార్థుల కాలికి ఎక్కడికి పోయినను జాడ తెలుపు పరికరములు తగిలించిరి. దానిని స్థాపించిన స్త్రీకి 2014లో పదునాఱేండ్లకు పైగా జైలుశిక్ష పడినది గాని, విద్యార్థులు కట్టిన సొమ్ము మాట వేఱు. 2019 జనవరిలో మిషిగన్ రాష్ట్రమున ఫార్మింగ్‌టన్ అను మఱియొక పేరు బయటపడెను. అది అమెరికా అధికారులే వల పన్ని నడపిన బూటకపు సంస్థ. మొదట నిర్బంధింపబడిన నూటముప్పదిమందిలో ఒకరు తప్ప తక్కినవారందఱు భారతీయులు. ఈ రెండు పేళ్ళును అచ్చటి ప్రభుత్వము అనుమతించిన సంస్థల జాబితాలో ఉన్నవే. కనుక జాబితాలో పేరున్నదన్న మాట చాలదు. తరగతులు నిజముగా జరుగుచున్నవా, పాఠము చెప్పువారెవరు, ఆ పట్టమును ఇతర విశ్వవిద్యాలయములు గుర్తించునా, అచ్చట చదివి ముగించినవారు ఏమి చెప్పుచున్నారు అని విచారింపవలెను. పోదలచినది బోస్టనైనను, మఱియొకటియైనను, కమీషను పుచ్చుకొని పంపువాని మాటకంటె అచ్చట చదివినవాని మాట మేలు.

మరునాడు ఆ తండ్రీకొడుకులు మరల వచ్చిరి. సుబ్బారావుగారి కథ చెప్పినంతసేపు తండ్రి మాట్లాడలేదు. చివరకు, "ఆయమ్మ ఒక్కతే ఉండిపోయిందా అన్నా?" అని మాత్రము అడిగెను. అవునంటిని. కుఱ్ఱవాడు తాను దరఖాస్తు పెట్టదలచిన మూడు కళాశాలల పేళ్ళు కాగితముమీద వ్రాసి యిచ్చెను. ఒకదానిని గూర్చి, అచ్చట చదివి వచ్చిన కనిగిరి వైపు కుఱ్ఱవానితో ఫోనులో మాట్లాడితిమి. తక్కిన రెంటిని గూర్చి విచారించుచున్నాము. పొలము కాగితములు ఇంకను వారి యింటి పెట్టెలోనే యున్నవి.