ఘంటసాలవారి గీతాగానము: శ్లోకక్రమ విచారము



ఒకనాటి యుదయమున, అనేక సంవత్సరములకు పిమ్మట, మా యింట ఘంటసాల వేంకటేశ్వరరావుగారి భగవద్గీత రికార్డును వినుచుంటిని. నాలుగైదు శ్లోకములైన గడచెనో లేదో, పొరుగింటి యిల్లాలు గుమ్మమున నిలిచి, "మాస్టారూ, ఎవరికేమయిందండీ?" అని కలవరముతో నడిగినది. "ఎవరికీ ఏమీ కాలేదమ్మా, గీత వింటున్నాను" అంటిని. ఆమె మనసు కుదుటబడినది. కాని పోవుచు పోవుచు, "ప్రొద్దున్నే అది పెట్టకండి మాస్టారూ" అని హెచ్చరించి మఱి పోయినది.

ఆ హెచ్చరికయే నేటి నా ప్రసంగమునకు మూలము. మన యూళ్లలో శవయాత్ర సాగునపుడు వైకుంఠరథముపై ఈ గానమే మ్రోగుచుండును. అందుచేత అది బ్రదికియున్నవారి యింట వినదగనిదను భావము జనులలో నాటుకొన్నది. రణరంగమున నిలిచిన వానికి కర్తవ్యము బోధించిన గ్రంథము చావింటి గుర్తుగా మాఱుట యేల? దీనికి కారణము ఆ రికార్డులోని శ్లోకక్రమముననే కొంత కలదని నా యభిప్రాయము. దానిని విన్నవించుటకే నేడు మీ యెదుటికి వచ్చితిని.

ముందుగా గాయకుని గూర్చి రెండు మాటలు. ఘంటసాలవారు 1922 డిసెంబరు 4వ తేదీన కృష్ణాజిల్లాలో గుడివాడకు సమీపమున నున్న చౌటపల్లిలో జన్మించిరి. చిన్ననాటనే తండ్రిని గోల్పోయి, సంగీతము నేర్వవలెనను పట్టుదలతో విజయనగరము చేరిరి. అచ్చటి సంగీత కళాశాల 1919లో, ఆదిభట్ల నారాయణదాసుగారు ప్రధానాచార్యులుగా, ప్రారంభమైనది. ఆ కాలమున విజయనగరము విశాఖపట్టణము జిల్లాలోనిదే. ప్రత్యేక జిల్లాగా నేర్పడినది 1979లో. ఆ పట్టణమున ఆ బాలుడు జోలె భుజమున వైచుకొని మధుకరమెత్తి చదువుకొనెను. పట్రాయని సీతారామశాస్త్రిగారు ఆయనను శిష్యునిగా జేరదీసి విద్య గఱపిరి. ఆ కంఠమునకు మన మండలము పెట్టిన పిడికెడన్నమును గొంత బలమిచ్చినదని చెప్పుకొనుట మనకు గర్వకారణము.

తరువాతి కథ అందఱెఱిగినదే. 1942 ఉద్యమమున ఆయన కారాగారవాస మనుభవించిరి. మదరాసు చేరి చలనచిత్రగాయకులలో నగ్రగణ్యులైరి. 1970లో పద్మశ్రీ పురస్కార మందుకొనిరి. చివరి సంవత్సరములలో ఆరోగ్యము చెడియుండగా గీతను గానము చేసిరి. 1974 ఫిబ్రవరి 11వ తేదీన పరమపదించిరి. రికార్డు లోకమునకు వెలువడినది ఆ పిమ్మటనే. జనులు దీనిని మొదటిసారి వినునప్పటికే పాడినవారు లేరు. మృత్యువునకును ఈ గానమునకును ముడిపడుట కిదియు నొక హేతువై యుండవచ్చును.

ఇక శ్లోకముల యెన్నికను విచారింతము. గీతలో 700 శ్లోకములు. శ్లోకమునకు పది సెకండ్లు చొప్పున లెక్కించినను, పఠనమునకే దాదాపు రెండు గంటలు పట్టును. 1948లో అమెరికాలో పుట్టిన దీర్ఘవాదన రికార్డునకు ఒక్కొక్క ప్రక్క ఇరువది యిరువదియైదు నిమిషములు మాత్రమే సాధారణముగా నిముడును. గానముతోపాటు తెలుగు తాత్పర్యమును జేర్పవలెనన్న, విడువక తప్పదు. కావున నూటికి కొంచెము పైగా శ్లోకముల నేఱి, తక్కినవానిని విడిచిరి. అనగా ఏడింట నొక వంతు మిగిలినదన్నమాట.

పండితులలో కొందఱకు ఈ యెన్నిక రుచింపలేదు. వారిలో నేనును నొకడను. గీత ధృతరాష్ట్రుని ప్రశ్నతో నారంభమగును. దాని మొదటి పదము 'ధర్మ', కడపటి పదము 'మమ'. ఈ రెండును గలిపిన 'నా ధర్మము' అను నర్థము వచ్చునని పెద్దలు చమత్కారముగా జెప్పుదురు. ఈ రికార్డులో కడపటి సంజయవాక్యము గలదు గాని, ఆద్యమైన ధృతరాష్ట్రవాక్యము లేదు. ధ్యానశ్లోకము, కొలది వచనము ముగియగానే, మొదటి యధ్యాయములోని 32వ శ్లోకమున, గెలుపును రాజ్యమును నాకు వలదను అర్జునుని దైన్యము వినబడును. వెంటనే రెండవ యధ్యాయములోని 11వ శ్లోకమున భగవానుని సమాధానము. తలుపు లేని గుడి వలె నున్నదని నేను బహుకాలము ఆక్షేపించితిని. తరగతిలో విద్యార్థులతోడను అట్లే యంటిని.

ఇటీవల మేము కొందఱము మిత్రులము రెండు సాయంకాలములు కూర్చుండి, గీతాగ్రంథమును ముందుంచుకొని, ఈ రికార్డును ఆద్యంతము వింటిమి. అందొకరు ఓడరేవులో నెత్తుడుదింపుడు పనులు చేసి విశ్రాంతి గైకొన్నవారు. సంస్కృత మెఱుగరు, పుస్తకము తెఱవక కన్నులు మూసికొని వినిరి. నా యాక్షేపణము విని ఆయన యిట్లనిరి: "పంతులుగారూ, ధృతరాష్ట్రుడి గొడవ నాకు తెలవదు. ఏడుస్తున్నవాడి మాట ముందు వినిపించింది. అందుకే ఊరుకోబెట్టేవాడి మాట కోసం చెవి పెట్టాను."

నేను మఱి మాటాడలేదు. నలువదేండ్లుగా నేను చూడనిది ఆయన రెండు మాటలలో జెప్పిరి. ఈ యెన్నిక గ్రంథమును బట్టి చేసినది కాదు, దుఃఖితుని బట్టి చేసినది. అర్జునుని దైన్యముతో మొదలై, 18వ యధ్యాయములోని 72వ శ్లోకమునకు వచ్చును. అచ్చట భగవానుడు, చెప్పినదంతయు శ్రద్ధతో వింటివా, అజ్ఞానము తొలగెనా యని యడుగును. పాఠము ముగించిన ప్రతి యుపాధ్యాయుడును అడుగవలసిన ప్రశ్న యది. దానికి 73వ శ్లోకమున అర్జునుడు మోహము నశించెనని బదులు చెప్పును. ఈ రెండు వాక్యముల నడుమ తక్కిన శ్లోకములు దారమున గ్రుచ్చినట్లమరినవి. శ్లోకము రాగముతో, తాత్పర్యము సామాన్యస్వరముతో సాగు నీ పద్ధతి కచేరీది కాదు. మన గ్రామములలోని పురాణశ్రవణముది. అక్షరము రానివాడును గ్రాంథికభాషను విని యర్థము చేసికొనుటకు దీనికంటె మేలైన పాఠము నేను చెప్పియెఱుగను.

అయినను ఈ క్రమమున నొక చిక్కు గలదు. ఆత్మ నిత్యత్వమును దెల్పు రెండవ యధ్యాయపు శ్లోకములు, అనగా పాతవస్త్రముల యుపమానము గల 22వ శ్లోకము, పుట్టినవానికి మరణము తప్పదను 27వ శ్లోకము, రికార్డు మొదటనే వచ్చును. వైకుంఠరథముపై దీనిని సాధారణముగా మొదటినుండియే మ్రోగింతురు. యాత్ర ముగియగానే యాపుదురు. కాబట్టి వీథిలో నిలిచినవాని చెవిని బడునది ఈ ప్రారంభభాగమే. ముందుభాగము ఊరందఱికి గంఠస్థము, వెనుకభాగమును విన్నవారెందఱు?

ఆ వెనుకభాగమున నేమున్నది? వర్షమువలన నన్నము, అన్నమువలన ప్రాణులు కలుగుట చెప్పు మూడవ యధ్యాయశ్లోకము గలదు. ఆకైనను పువ్వైనను నీరైనను భక్తితో నిచ్చిన స్వీకరింతునను తొమ్మిదవ యధ్యాయపు వాగ్దానము గలదు. జఠరాగ్నిరూపమున నన్నమును పచనము చేయువాడను నేనే యను పదునైదవ యధ్యాయవాక్యము గలదు. ఎదుటివానిని నొప్పింపని సత్యమైన మాటయే వాక్కునకు తపస్సను పదునేడవ యధ్యాయబోధ గలదు. ఇవి శ్మశానమునకు బోవువానికి జెప్పినవి కావు. పొలమునకు, ఓడరేవునకు, ఉక్కుకర్మాగారమునకు, పాఠశాలకు బోవువారికి జెప్పినవి.

శవయాత్రలో దీనిని వినిపించుట తప్పని నేననను. దుఃఖితునితో మొదలైన గానము దుఃఖితులయొద్దకు జేరుట సహజమే. వారినుండి దానిని లాగికొనుట ధర్మము కాదు. కాని దానిని వారికే విడిచివేయుట మన లోపము. సగము విని తీర్పు చెప్పువారిలో నేను మొదటివాడనై యుంటిని. పొరుగింటి తల్లి భయమునకును నా పాండిత్యపు టాక్షేపణమునకును భేద మేమి? ఇద్దఱమును మొదటిభాగముననే నిలిచిపోయితిమి.

మఱునాటి యుదయమున నేను ఆ రికార్డును మరల బెట్టితిని. ఈ పర్యాయము నడుమనుండి. అన్నమును గూర్చిన శ్లోకము వచ్చునప్పటికి పొరుగింట పొయ్యిమీద కుక్కరు కూతపెట్టినది. ఆ తల్లి గుమ్మమునకు రాలేదు. కొంతసేపటికి గోడమీదుగా, "ఇది కూడా ఘంటసాలగారిదేనా మాస్టారూ?" అని మాత్రమడిగినది.

అవునంటిని.